బడి సెలవుల రద్దీ తగలకుండా క్రూజ్ వెళ్లాలంటే ఏ వారాలు చూసుకోవాలి?

కృష్ణా_కరకట్ట (డాలస్)

అందరికీ నమస్కారం. అమ్మానాన్న విజయవాడ నుంచి డిసెంబర్ మొదట్లో వచ్చి మే నెలాఖరు దాకా ఉంటారు. ఇద్దరికీ డెబ్బై దగ్గర వయసు. మేం నలుగురమూ పెద్దవాళ్లమే, బడికెళ్లే పిల్లలు లేరు. 2026 డిసెంబర్ – 2027 మే మధ్య గాల్వెస్టన్ నుంచి 7 రాత్రుల క్రూజ్ అనుకుంటున్నాం. లిఫ్టుల దగ్గర, బఫేలో తొక్కిసలాట లేని వారం కావాలి. కంపెనీ వాళ్లని అడిగితే ప్రతి వారమూ "దాదాపు నిండిపోయింది" అంటున్నారు. మరి తేడా ఎలా కనిపెట్టాలి?

గల్ఫ్_కెరటం

వాళ్లు చెప్పేది నిజమేనండీ. ఓడ ఏడాది పొడుగునా నిండే వెళ్తుంది. గది ఖాళీగా వెళ్తే కంపెనీకి నష్టం కాబట్టి రేటు తగ్గించైనా నింపుతారు. తేడా గదుల్లో కాదు, గదిలో ఎంతమంది ఉన్నారన్న దాంట్లో ఉంది. గదికి ఇద్దరు చొప్పున వేస్తే వచ్చేదాన్ని వీళ్లు 100 శాతం అంటారు. గోడలోంచి దిగే బెర్తులు, సోఫా బెడ్లు ఈ లెక్కలోకి రావు. మయామి నుంచి తిరిగే ఐకాన్ ఆఫ్ ద సీస్‌నే తీసుకోండి: గదికి ఇద్దరైతే 5,610 మంది, అన్ని బెర్తులూ నిండితే 7,600. అదే ఓడ, అవే లిఫ్టులు, అదే బఫే, మనుషులు మాత్రం 2,000 దాకా ఎక్కువ. ఆ పై బెర్తుల్లో పడుకునేది ఎక్కువగా పిల్లలే. అందుకని "ఓడ నిండిందా" అని అడిగి లాభం లేదు. "ఆ రేవుకి కారులో రాగలిగే ఊళ్లలో ఆ వారం బడులున్నాయా" అని చూడాలి.

గాల్వెస్టన్‌కి జనం వచ్చేది ముఖ్యంగా హ్యూస్టన్, డాలస్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో నుంచి, ఆపైన ఓక్లహోమా, లూసియానా నుంచి. కాబట్టి న్యూయార్క్ బడుల క్యాలెండర్ మీకు పెద్దగా పనికిరాదు. హ్యూస్టన్, కేటీ, ఫ్రిస్కో, ప్లేనో, ఆస్టిన్ స్కూల్ డిస్ట్రిక్టుల 2026–27 క్యాలెండర్లు దింపుకుని, సెలవుల వారాలకు ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. గీతలు ఒకదాని మీద ఒకటి పడే వారాలు వదిలెయ్యాలి. మీ ఆరు నెలల్లో నాకు కనపడేవి ఇవీ:

డిసెంబర్ 6 నుంచి 13: థాంక్స్‌గివింగ్ అయిపోయింది, క్రిస్మస్ సెలవులు ఇంకా రాలేదు, బడుల్లో సెమిస్టర్ పరీక్షలు. 20 తర్వాత ఇక వద్దు.

జనవరి 3 ఆదివారం నుంచి 15 దాకా: 4, 5 తేదీల్లో చాలా బడులు తెరుస్తారు. 18న మార్టిన్ లూథర్ కింగ్ సెలవు, ఆ వారాంతానికి 4, 5 రాత్రుల ఓడలు నిండుతాయి.

మార్చి: టెక్సస్ స్ప్రింగ్ బ్రేక్ నెల మధ్యలో పడుతుంది. అన్ని డిస్ట్రిక్టులకూ ఒకే వారం ఉండదు కాబట్టి ఒక వారం ముందూ వెనకా కూడా తప్పించాలి. 2027లో ఈస్టర్ మార్చి 28నే వస్తోంది. అంటే ఆ నెల దాదాపు మొత్తం పోయినట్టే.

ఏప్రిల్ 18 నుంచి మే 16 దాకా: నా ఓటు దీనికే. ఈస్టర్ త్వరగా వచ్చిన ఏడాది ఈ సందు బాగా వెడల్పవుతుంది. పైగా ఏప్రిల్ నుంచి మే మొదటి దాకా టెక్సస్‌లో రాష్ట్ర పరీక్షలు, అదే స్టార్. బడి మాన్పించి పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు కూడా ఆ రోజుల్లో ఆగుతారు.

చవక_టికెట్

అన్నిటికంటే చవకా, ఖాళీ కూడా సెప్టెంబర్ అండీ. లేబర్ డే మర్నాటి నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా. కుదిరితే అమ్మానాన్నల ప్రయాణమే ముందుకి జరపండి.

గల్ఫ్_కెరటం

చవకన్న మాట ఒప్పుకుంటాను. కానీ పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నేను చెప్పను. అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30, దాని శిఖరం సెప్టెంబర్ 10 ప్రాంతం. ఓడకి ప్రమాదం తక్కువే, తుపానుకి దూరంగా తిప్పుకుపోతారు. ఇబ్బంది వచ్చేది రేవు మూసినప్పుడు. 2008 సెప్టెంబర్ 13న ఐక్ గాల్వెస్టన్ మీదే తీరం దాటింది. 2024 జూలై 8న బెరిల్ టెక్సస్ తీరాన్ని తాకింది. రేవు మూస్తే ఓడ సముద్రంలోనే ఒకట్రెండు రోజులు అదనంగా ఆగుతుంది. అప్పుడు రోజూ వేసుకునే మందులు సరిపోవాలి, తిరుగు విమానం పోకూడదు. రేవు మార్చినా, వదిలేసినా టికెట్ షరతుల ప్రకారం మనకి తిరిగొచ్చేది ఆ రేవు పన్ను, రుసుములే. టికెట్ డబ్బు రాదు. సెప్టెంబర్‌లోనే వెళ్లాలంటే డిపాజిట్ కట్టిన రోజుల్లోనే ప్రయాణ బీమా తీసుకోండి. తుపానుకి పేరు పెట్టాక తీసుకున్న బీమా ఆ తుపానుకి వర్తించదు.

కృష్ణా_కరకట్ట

సెప్టెంబర్ కుదరదు లెండి. డిసెంబర్, జనవరి, ఏప్రిల్ చివర, ఈ మూడిట్లో జనం సంగతి సరే, వాతావరణం మాటేమిటి?

డెక్_నం_12

గాల్వెస్టన్ విషయంలో రెండు సంగతులు చూసుకోవాలి: పొగమంచు, ఉత్తరపు గాలి.

పొగమంచు డిసెంబర్ నుంచి మార్చి దాకా ఉంటుంది. చల్లటి నీటి మీదికి వెచ్చటి తేమ గాలి వచ్చినప్పుడు ఓడల కాలువ మీద దట్టంగా పడుతుంది. కాలువలో ఓడలకి దారి చూపే పైలట్లు ఓడల్ని కదపరు, కాలువ మూసేస్తారు. ఉదయం 6కి రావాల్సిన ఓడ మధ్యాహ్నం దాటాక వస్తే, దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ అంతా ఒకేసారి టెర్మినల్లో పోగవుతారు. బడులున్న వారమే ఎంచుకున్నా సరే, ఆ రోజుకి రద్దీ తప్పదు. చలికాలంలో వెళ్లేవాళ్లు ముందు రాత్రే గాల్వెస్టన్‌లోనో, దారిలో లీగ్ సిటీ దగ్గరో బస చేసి, కంపెనీ పంపే మెసేజీలు చూసుకుంటూ బయల్దేరడం మేలు. డాలస్ నుంచి అదే రోజు ఐదు గంటలు నడుపుకుంటూ వచ్చి, ఆపైన లైన్లో నిలబడటం పెద్దవాళ్ల వల్ల కాదు.

ఉత్తరపు గాలి లేచిందంటే మొదటి రోజు, చివరి రోజు గల్ఫ్‌లో ఓడ బాగా ఊగుతుంది. ఈత కొలను దగ్గర స్వెట్టర్ వేసుకోవాల్సొస్తుంది. పైన చలేసేసరికి అందరూ లోపలికే చేరతారు. మనుషులు తక్కువే ఉన్నా థియేటర్, బఫే కిక్కిరిసినట్టుంటాయి. జనవరి చవకగా ఉండటానికి ఇది ఒక కారణం. గది తీసుకుంటే ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో తీసుకోండి, ఊపు తక్కువ.

ఏప్రిల్ చివరికి ఈ రెండూ తగ్గిపోతాయి. అప్పుడు చూసుకోవాల్సింది సముద్రపు నాచు, సర్గాసమ్. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మెక్సికో కరీబియన్ ఒడ్డుకి కొట్టుకొస్తుంది. కోస్టా మాయా బహిరంగ సముద్రానికి ఎదురుగా ఉంది కాబట్టి అక్కడ ఒడ్డంతా పేరుకుని కుళ్లువాసన వేయొచ్చు. కొజుమెల్‌లో ఓడలు ఆగేది దీవికి పడమటి వైపు, అక్కడ బెడద బాగా తక్కువ. బీచ్ టూర్ కొనేముందు ఏ రేవులో కొంటున్నారో చూసుకోండి.

రేట్ల_పట్టిక

ఏ వారం ఖాళీనో బుకింగ్ పేజీయే చెప్తుంది, చూడటం తెలిస్తే చాలు.

మొదటి పరీక్ష: ఒకే ఓడ, ఒకే రూట్, ఒకే రకం గది, ఇద్దరు పెద్దలు. వరసగా పది వారాల రేట్లు రాసుకోండి. పక్క వారాల కంటే ఒక్కసారిగా ఎగిరిన వారం సెలవుల వారం. రేటు గదిది మాత్రమే చూడాలి. పన్నులు, రేవు రుసుములు రూట్‌ని బట్టి మారతాయి, అవి కలిపితే లెక్క తప్పుతుంది.

రెండోది ఇంకా గట్టిది: ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు అని పెట్టి వెతకండి. ఇద్దరికి గదులు బోలెడు కనిపిస్తూ నలుగురికి ఒక్కటీ కనిపించకపోతే, కుటుంబాలు అప్పటికే కొనేశాయన్నమాట. కొన్నిసార్లు నలుగురి గది ఖాళీగా ఉన్నా అమ్మరు. ఆ భాగానికి కేటాయించిన లైఫ్‌బోట్లలో చోటు అయిపోయి ఉంటుంది. అది కూడా పై బెర్తులు నిండాయనడానికి గుర్తే. అటువంటి వారం వదిలెయ్యండి.

ఇంకోటి, డిపాజిట్ తిరిగొచ్చే రకం తీసుకోండి. మిగతా డబ్బు కట్టే గడువు సాధారణంగా ప్రయాణానికి 75 నుంచి 90 రోజుల ముందు ఉంటుంది, పండగ వారాలకి ఇంకా ముందు. ఆ గడువుకి రెండు వారాల ముందు నుంచి రోజూ రేటు చూడండి. తగ్గితే కొత్త రేటుకి మార్చమని అడగొచ్చు. గడువు దాటాక సాధారణంగా మార్చరు.

మల్లెతీగ

రోజులు కూడా చూడండి. శని, ఆదివారాల్లో బయల్దేరే 7 రాత్రులు పిల్లల తొమ్మిది రోజుల సెలవులో సరిగ్గా ఇమిడిపోతాయి. బుధ, గురువారాల్లో బయల్దేరేవి, 8, 9, 10 రాత్రులవి ఇమడవు, బడి రోజులు పోతాయి. 3, 4 రాత్రుల వారాంతపు ఓడలు బడులున్నప్పుడు కూడా గోలగోలగానే ఉంటాయి. పిల్లలు తక్కువైనా పార్టీలకి వచ్చే యువత ఎక్కువ.

టర్న్‌పైక్ (న్యూజెర్సీ)

ఫ్లోరిడా, న్యూయార్క్ రేవులు చూసుకునేవాళ్లకి కూడా నాలుగు ముక్కలు, ఎందుకంటే ఇక్కడి క్యాలెండర్ టెక్సస్‌కి పూర్తిగా వేరు. జార్జియా, ఫ్లోరిడా, టెక్సస్ బడులు ఆగస్టులోనే తెరుస్తారు, మే చివరికల్లా చాలావరకు మూసేస్తారు. న్యూయార్క్, న్యూజెర్సీ పిల్లలు జూన్ మూడు, నాలుగు వారాల దాకా బడికెళ్లి, లేబర్ డే తర్వాతే తిరిగొస్తారు. కాబట్టి జూన్ మొదటి పదిహేను రోజులు న్యూజెర్సీలోని బేయాన్ రేవు నుంచి వెళ్లే ఓడ, మయామి ఓడ కంటే ప్రశాంతం. ఆగస్టు చివర్లో ఇది తారుమారు.

న్యూజెర్సీలో నవంబర్ మొదట్లో టీచర్ల మహాసభకి గురు, శుక్రవారాలు సెలవు. చాలామంది వారమంతా కలిపేసుకుంటారు. బయటివాళ్లకి ఈ సంగతి తెలియక "నవంబర్ కదా, ఖాళీ" అనుకుని కొంటారు. న్యూయార్క్ నగరంలో ప్రెసిడెంట్స్ డే వారమంతా సెలవు, 2027లో అది ఫిబ్రవరి 15న. మసాచుసెట్స్‌లో ఆ వారంతో పాటు ఏప్రిల్‌లో పేట్రియట్స్ డే వారం కూడా, ఏప్రిల్ 19. ఫ్లోరిడాకి విమానాలు ఆ వారం బోస్టన్ నుంచి నిండుతాయి. న్యూ ఓర్లీన్స్ రేవుకైతే మార్డి గ్రా ఉత్సవం, ఫిబ్రవరి 9. ఓడ సంగతి అలా ఉంచండి, ఊళ్లో హోటల్ గదే దొరకదు.

మయామి నుంచి జనవరి అనుకునేవాళ్లు బ్రెజిల్, అర్జెంటీనా గుర్తుపెట్టుకోవాలి. అక్కడ అది వేసవి సెలవుల నెల.

మెరీనా_బే (సింగపూర్)

హైదరాబాద్, విశాఖ నుంచి సింగపూర్ ఓడ ఎక్కేవాళ్లకి రెండు దేశాల బడులు లెక్కలోకి వస్తాయి. ఇక్కడి సెలవులు: మార్చి మధ్యలో ఒక వారం, మే చివర నుంచి జూన్ అంతా నాలుగు వారాలు, సెప్టెంబర్ మొదట్లో ఒక వారం, నవంబర్ మూడో వారం ప్రాంతం నుంచి ఏడాది చివరి దాకా ఆరు వారాలు. మన ఆంధ్ర, తెలంగాణ బడులు ఏప్రిల్ 24 ప్రాంతంలో మూసి జూన్ 12న తెరుస్తారు. ఏప్రిల్ చివర, మే నెలల్లో సింగపూర్ పిల్లలు బడిలోనే ఉంటారు, ఓడలో మాత్రం మనవాళ్లే. జూన్ మొదటి పది రోజులు రెండు గుంపులూ కలుస్తాయి. అది అన్నిటికంటే చెడ్డ సమయం.

దసరా, దీపావళి కూడా అంతే. 2026లో విజయదశమి అక్టోబర్ 20, దీపావళి నవంబర్ 8. గుజరాత్ బడులకి దీపావళికి మూడు వారాల సెలవు ఉంటుంది. వందల మంది ఉన్న టూర్ గ్రూపులు ఒకేసారి బఫేకి దిగుతాయి. సంక్రాంతి వారం మనవాళ్లు, అది కాగానే చైనా కొత్త సంవత్సరం, 2027లో ఫిబ్రవరి 6. ఆ రెంటి మధ్య జనవరి 18 నుంచి 30 దాకా ఖాళీ దొరుకుతుంది. దానికంటే మెరుగైనది జూలై మూడో వారం నుంచి ఆగస్టు చివరి దాకా. ఇండోనేషియా సెలవులు కూడా జూలై మధ్యకల్లా ముగుస్తాయి. మధ్యలో ఆగస్టు 9 జాతీయ దినోత్సవం వారాంతం ఒక్కటే తప్పించాలి. తర్వాత సెప్టెంబర్ రెండో సగం.

అయితే మే నుంచి అక్టోబర్ దాకా ఫుకెట్ వైపు నైరుతి గాలులు. పాటోంగ్ దగ్గర ఓడ లంగరేసి చిన్న పడవల్లో దింపుతారు. అలలుంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగడం కష్టం, ఒక్కోసారి రేవునే వదిలేస్తారు. ఆ నెలల్లో పెనాంగ్ ఉన్న రూట్ మంచిది. అక్కడ ఓడ నేరుగా జెట్టీకే ఆగుతుంది.

విశాఖ_లంగరు

మన దేశంలో తిరిగే కార్డీలియా క్రూజ్ ఓడ గురించి ఒక్కమాట. బడులున్నప్పుడు ఓడ ఖాళీ అనుకోకండి. ఆ రోజుల్లోనే కంపెనీలు డీలర్ మీట్లు పెట్టుకుంటాయి, పెళ్లిళ్లు కూడా జరుగుతాయి. పిల్లలుండరు కానీ అర్ధరాత్రి దాకా డీజే. బుక్ చేసేముందు "ఆ తేదీకి గ్రూప్ బుకింగ్ ఉందా, ఎంతమంది" అని ఏజెంటుని నేరుగా అడగండి. వానాకాలంలో అరేబియా సముద్రం బాగా రేగుతుంది, అందుకే ఓడ చెన్నై వైపు వస్తుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుపాన్లు. సోమవారం బయల్దేరేవి శుక్రవారం వాటికంటే నయం.

థేమ్స్_గట్టు (ఇంగ్లండ్)

యూరప్ వైపు: మధ్యధరా సముద్రానికి ఇంగ్లండ్ సెలవులు చూస్తే చాలదు. స్కాట్లాండ్ పిల్లలు జూన్ చివర్లోనే సెలవుల్లోకి వచ్చి ఆగస్టు మధ్యలో బడికెళ్తారు. ఇంగ్లండ్ వాళ్లు జూలై నాలుగో వారం నుంచి సెప్టెంబర్ మొదటి దాకా. జర్మనీలో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో తేదీ, బవేరియా, బాడెన్-వూర్టెంబెర్గ్ పిల్లలు సెప్టెంబర్ రెండో వారం దాకా సెలవుల్లోనే ఉంటారు. ఆగస్టు 15 ఇటలీ మొత్తానికి పండగ. అందుకే సెప్టెంబర్ 15 తర్వాతే పిల్లలు నిజంగా తగ్గుతారు. అక్టోబర్‌లో మళ్లీ జర్మన్ శరదృతు సెలవులు, చివరి వారంలో ఇంగ్లండ్ హాఫ్ టర్మ్, అంటే టర్మ్ మధ్యలో వచ్చే వారం సెలవు.

నార్వే ఫ్యోర్డులకైతే (కొండల మధ్య ఇరుకు సముద్రపు పాయలు) 2027లో జూన్ 6 నుంచి 20 మధ్య. ఇంగ్లండ్ హాఫ్ టర్మ్ అయిపోయి ఉంటుంది, వేసవి సెలవులు ఇంకా మొదలవ్వవు. కొండల మీద మంచు కరిగి జలపాతాలు నిండుగా దూకేది కూడా అప్పుడే.

బడి మాన్పించి తీసుకెళ్దామనుకునే తల్లిదండ్రులకి: ఇంగ్లండ్‌లో ఐదు రోజులు అనుమతి లేకుండా మానితే జరిమానా పడుతుంది. 2024 ఆగస్టు నుంచి ఒక్కో బిడ్డకి, తల్లికీ తండ్రికీ విడివిడిగా 80 పౌండ్లు, 21 రోజుల్లో కట్టకపోతే 160. ఇద్దరు పిల్లలుంటే 320 అవుతుంది. టికెట్లో మిగిలింది ఇందులో కలిపి లెక్కేసుకోండి.

పిల్లలు అసలే వద్దనుకుంటే పీ అండ్ ఓ వాళ్ల ఆర్కేడియా, అరోరా పెద్దవాళ్లకే. వర్జిన్ వోయేజెస్, వైకింగ్ సముద్రపు ఓడలు కూడా 18 దాటినవాళ్లకే. వీటికి క్యాలెండర్లతో పనే లేదు.

చవక_టికెట్

అమెరికాలో ఉన్నవాళ్లకి మే అలాస్కా కూడా ఉంది కదా?

గల్ఫ్_కెరటం

ఉంది, బాగుంటుంది కూడా. మే నెల అక్కడ వాన తక్కువ కురిసే నెలల్లో ఒకటి. నెలాఖరులో వచ్చే మెమోరియల్ డే దాకా పిల్లలు దాదాపు కనిపించరు. జూనో ఊరు 2024 నుంచి రోజుకి ఐదు పెద్ద ఓడలకే ఒప్పుకుంటోంది. 2026 నుంచి గదికిద్దరి లెక్కన రోజుకి 16,000, శనివారాలు 12,000 అని పరిమితి. కాబట్టి శనివారం జూనోలో ఆగే రూట్ దొరికితే ఊళ్లో కాస్త ఊపిరాడుతుంది. లోపం ఏమిటంటే మే మొదట్లో అక్కడి ఇరుకు పాయల్లో మంచుగడ్డలు అడ్డంగా ఉండి ఓడ లోపలిదాకా వెళ్లలేకపోవచ్చు. హిమానీనదం మీద కుక్కబండ్ల టూర్లు నెల రెండో సగంలో గానీ మొదలవ్వవు. అన్నిటికంటే ముఖ్యం, సియాటిల్ నుంచి వెళ్లే ఓడ కూడా కెనడా రేవులో ఆగుతుంది. భారత పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి అక్కర్లేదు గానీ తల్లిదండ్రులకి తప్పదు, నెలల ముందే పెట్టుకోవాలి. కృష్ణా గారి పెద్దవాళ్ల విషయంలో గాల్వెస్టనే సులువు. అమెరికా వీసా బహుళ ప్రవేశాలదై ఉండి, ఓడ తిరిగొచ్చే రోజుకి ఇంకా గడువుండాలి, అది మాత్రం చూసుకోండి. రూట్లో హోండురాస్, బెలీజ్ లాంటివి ఉంటే ఆ దేశాల నిబంధనలు కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

డెక్_నం_12

రేవులో ఆ రోజు ఎన్ని ఓడలున్నాయో కూడా చూడండి. మీ ఓడలో జనం తక్కువై, కొజుమెల్‌లో ఆరు ఓడలు నిలబడితే లాభమేముంది? క్రూజ్‌మ్యాపర్ లాంటి సైట్లలో రేవు పేరు, తేదీ కొడితే ఓడల పేర్లు, వచ్చే పోయే వేళలు వస్తాయి. కొజుమెల్‌కి సాధారణంగా మంగళ, బుధ, గురువారాలు బరువు.

కృష్ణా_కరకట్ట

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. ఏప్రిల్ 25 లేదా మే 2 ఆదివారం అనుకుంటున్నాం. ఈ రెంటిలో ఏది? ఓడ ఎక్కాక పెద్దవాళ్ల కోసం ఏమన్నా జాగ్రత్తలున్నాయా? ఇద్దరూ శాకాహారులు.

మల్లెతీగ

ఏప్రిల్ 25. మే 9 మదర్స్ డే, మే 2న బయల్దేరిన ఓడ ఆ ఉదయమే తిరిగొస్తుంది, టెర్మినల్లో, రోడ్ల మీద ఆ రోజు జనం ఉంటారు.

ఒకటి ముందే చెప్పాలి. బడులున్నప్పుడు కూడా ఐదేళ్ల లోపు పిల్లలు ఉంటారు. బడి బాధ లేనివాళ్లు చవక వారాలకే వస్తారు. వాళ్లంతా పొద్దున్నే లేస్తారు కాబట్టి ఉదయం 8 నుంచి 9 దాకా బఫే వాళ్లదే. మీరు కింద మెయిన్ డైనింగ్ హాల్లో కూర్చుని టిఫిన్ చెయ్యండి. సముద్రంలోనే ఉండే రోజుల్లో అక్కడ ప్రశాంతంగా వడ్డిస్తారు. భోజనానికి మొదటి వేళ, ఒకే బల్ల, ఒకే వెయిటర్ అని తీసుకోండి. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని పిలిచి భారతీయ శాకాహారం, గుడ్డు లేకుండా, అని చెప్తే మర్నాటి నుంచి కూర, పప్పు విడిగా చేయించి పెడతారు. అప్పటికప్పుడు అడిగితే సలాడ్ తప్ప ఏమీ దొరకదు.

రేట్ల_పట్టిక

టెర్మినల్ సమయం ఆన్‌లైన్ చెక్-ఇన్ తెరిచిన గంటలోనే ఎంచుకోవాలి. అందరూ 11 గంటల స్లాట్ కోసం ఎగబడతారు. పెద్దవాళ్లకి 1 తర్వాతదే హాయి, లైన్ కరిగిపోయి ఉంటుంది, గదులు కూడా సిద్ధంగా ఉంటాయి. నడక కష్టమైతే టెర్మినల్లో వీల్‌చైర్ సాయానికి కంపెనీ ఫారం ముందే నింపండి. గాల్వెస్టన్‌లో టెర్మినళ్లు ఒకటి కాదు, నాలుగున్నాయి, దూరంగా కూడా ఉన్నాయి. ఏ ఓడ ఏ టెర్మినల్లో ఆగుతుందో బోర్డింగ్ పాస్ మీద చూసి, పార్కింగ్ దాని పక్కనే కొనండి.

మిగతా డబ్బు కట్టే ముందు రోజు నలుగురి గది పరీక్ష ఇంకోసారి చెయ్యండి. ఏప్రిల్ 25కి నలుగురి గదులు అప్పటికీ బాగా మిగిలుంటే కట్టెయ్యండి. ఉన్నట్టుండి మాయమైతే ఏదో బడి బృందమో, బంధువుల కలయికో మొత్తంగా తీసుకుందన్నమాట. గడువు దాటలేదు కాబట్టి డిపాజిట్ పోకుండా ఏప్రిల్ 18కి మారొచ్చు.